వేడి దువ్వెన చరిత్ర: రింగుల జుట్టు, కాలిన కొసలు, ఎత్తిన తలలు

(తల ఎత్తి – 6)

ఈసారి దువ్వెన గురించి రాస్తున్నాను. దువ్వెన, హెయిర్ డ్రయ్యర్, రింగుల జుట్టు, చిట్లిపోయే కొసలు. భూమి గురించీ, స్కాలర్‌షిప్పుల గురించీ, కారంచేడు, చుండూరుల గురించీ మాట్లాడుకునే చోట ఈ బ్యూటీ పార్లర్ గోలేంటని నవ్వుకునే అన్నలు ఇప్పుడే నవ్వేయండి. చివరిదాకా చదివాక మళ్లీ మాట్లాడుకుందాం.

ఒక పీజీ చెల్లెలు ఇన్‌బాక్సులో అడిగింది: ‘‘అక్కా, వచ్చే నెల ఇంటర్వ్యూలున్నాయి. నాది రింగుల జుట్టు. అట్లా వెళ్తే బాగోదు, సాఫీగా చేయించుకో అని అందరూ అంటున్నారు. రోజూ డ్రయ్యర్ పెడుతుంటే కొసలు చిట్లిపోతున్నాయి. ఏం చేయాలి?’’

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. కొసలు పాడవకుండా జుట్టు ఎలా ఆరబెట్టుకోవాలి అన్నది ఒకటి. ఆ ‘అందరూ’ ఎవరు అన్నది రెండోది. మొదటిదానికి పార్లర్ అమ్మాయి కూడా జవాబు చెప్తుంది. రెండోదానికి చరిత్రే చెప్పాలి. అందుకే ముందు చరిత్ర, ఆ తర్వాత కొసలు.

పద్యంలో అలకలు, వీధిలో చింపిరి

నేను చదువుకున్నది తెలుగు సాహిత్యం కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను. మన ప్రబంధ కవులు నాయికను వర్ణించేటప్పుడు జుట్టు దగ్గర చాలాసేపు ఆగుతారు. కురులు, కుంతలాలు, ముంగురులు, అలకలు. అలకలంటే వంకీలు తిరిగిన వెంట్రుకలే. ‘కుటిల కుంతల’ అంటే మెలితిరిగిన జుట్టు కలిగినామె. కావ్యంలో అది పొగడ్త. ఆ వంకీలను తుమ్మెదల బారుతో పోల్చి పద్యాలకు పద్యాలు రాశారు.

అదే జుట్టు మన వాడలో ఆడపిల్ల తలమీద ఉంటే పేరు మారిపోతుంది. పిచ్చుక గూడు. తుప్ప. చింపిరి తల. ‘నూనె రాసుకోలేదా? మీ ఇంట్లో దువ్వెన లేదా?’ పద్యంలో అందమైనది బడిలో మురికి అయిపోయింది. వెంట్రుక మారలేదు. తల ఎవరిదో మారింది, అంతే.

నేను ఉద్యోగం కోసం తిరిగిన రోజుల్లో ఒక కాలేజీ ఇంటర్వ్యూ బోర్డు నా థీసిస్ గురించి రెండు ప్రశ్నలు అడిగింది. మూడోది, ‘క్లాసుకి ఇలాగే వస్తారా అమ్మా?’ అని. నా చీర బాగానే ఉంది. ఆయన చూస్తున్నది నా తలవైపు.

అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో బుద్ధుడి తల ఒకసారి గమనించండి. నత్తగుల్లల్లా దగ్గర దగ్గరగా చుట్టుకున్న చిన్న చిన్న రింగులు. మన కృష్ణానది ఒడ్డున సున్నపురాయిలో చెక్కిన తథాగతుడిది రింగుల జుట్టు. ఆ తలకి శతాబ్దాలుగా దండం పెడుతున్నారు. దాన్ని సాఫీ చేయాలని ఆ శిల్పులకి అనిపించలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నేను ‘రింగుల జుట్టు దళితుల జుట్టు’ అనడం లేదు. అన్ని కులాల్లోనూ రింగుల జుట్టు ఉంది, సాఫీ జుట్టూ ఉంది. శరీరాన్ని కొలిచి కులాన్ని కనిపెడతామన్నది తెల్లదొరల పిచ్చి. హెర్బర్ట్ రిస్లీ ముక్కులు కొలిచాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ మన మాదిగ, మాల, చెంచుల తలలూ ముక్కులూ కొలిపించి, 1909లో ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. బాబాసాహెబ్ 1948లో ‘ది అన్‌టచబుల్స్’ రాసినప్పుడు ఇలాంటి కొలతల పట్టికలనే తీసుకుని, వాటితోనే ఆ వాదాన్ని పడగొట్టారు. బ్రాహ్మణుడి ముక్కూ అంటరానివాడి ముక్కూ ఒకే జాతిని చూపిస్తుంటే, అంటరానితనానికి మూలం జాతిలో ఎలా ఉంటుందని అడిగారు. కాబట్టి జుట్టుకి కులం లేదు. జుట్టును చూసే కంటికి ఉంది.

ఆ చూపు ఎంతదూరం పోగలదో చెప్పడానికి దక్షిణాఫ్రికా చాలు. అక్కడ 1950లో జనాభా రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. ప్రతి మనిషినీ తెల్లవాడు, నల్లవాడు, మిశ్రజాతి అని రాయాలి. అనుమానం వచ్చినప్పుడు జుట్టులో పెన్సిల్ దూర్చి చూసేవాళ్లు. జారి కింద పడితే తెల్లజాతి. జుట్టులో ఇరుక్కుంటే కాదు. ఒక పెన్సిల్ మనిషి ఏ బడిలో చదవాలో, ఏ వీధిలో ఉండాలో, ఎవరిని పెళ్లాడాలో తేల్చేది. ఒకే ఇంట్లో అన్నదమ్ములు వేరే వేరే జాతులుగా నమోదైన సంగతులున్నాయి.

ఉతుకుబట్టల తొట్టి దగ్గర మొదలైన వ్యాపారం

ఇక అమెరికా. వేడి దువ్వెన కథ అక్కడిదే. మనకూ ఆ కథకూ చుట్టరికం పాతది. ఫూలే 1873లో ‘గులాంగిరి’ని బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితం ఇచ్చారు. బాబాసాహెబ్ 1913 నుంచి 1916 దాకా కొలంబియా యూనివర్సిటీలో చదివారు. అది నల్లవాళ్ల హార్లెంకి పక్కనే. 1946లో ఆయన డబ్ల్యూ.ఈ.బి. డుబోయ్‌కి ఉత్తరం రాస్తే డుబోయ్ జవాబు రాశారు. కాబట్టి ఇది పక్కింటివాళ్ల కథ అనుకుని వినండి.

ఆఫ్రికాలో జుట్టు అల్లడం ఒక విద్య. దారాలు చుట్టడం, జడలు పాయలుగా అల్లడం, వెడల్పు పళ్ల కొయ్య దువ్వెనలు, వాటికి తగ్గ నూనెలు. ఓడల్లోకి ఎక్కించినప్పుడు ఆ దువ్వెనలు అక్కడే ఉండిపోయాయి. అమెరికా తోటల్లో బానిసలుగా బతికినవాళ్లు గొర్రెబొచ్చు దువ్వే ఇనుప పళ్ల బ్రష్షుతో తల దువ్వుకున్నారు. వారమంతా జుట్టుకి దారం చుట్టి, పైన గుడ్డ కట్టుకుని, ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు విప్పేవాళ్లు. ఆ దారం వల్ల జుట్టు సాగి పొడుగ్గా కనిపించేది. నిప్పు లేకుండా జుట్టు సాగదీసే ఆ పద్ధతిని గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

స్వేచ్ఛ ఉన్న నల్ల స్త్రీలకూ ఈ బాధ తప్పలేదు. లూసియానాలో 1786లో స్పానిష్ గవర్నర్ మీరో ఒక ఆజ్ఞ తెచ్చాడు. నల్లజాతి, మిశ్రజాతి స్త్రీలు జుట్టు బయటికి కనిపించకుండా తలగుడ్డ కట్టుకోవాలి. వాళ్లు ముస్తాబై తిరుగుతుంటే తెల్ల దొరసానులకు మంటగా ఉందట. ఆ ఆడవాళ్లు ఏం చేశారో తెలుసా? రంగురంగుల ఖరీదైన గుడ్డలు తెచ్చి, నగలు గుచ్చి, ఇంకా అందంగా కట్టారు. పైట గురించీ, చెప్పుల గురించీ, గొడుగు గురించీ మన దగ్గర ఉన్న ఆంక్షలు తెలిసినవాళ్లకి ఈ ఆజ్ఞ వెంటనే అర్థమవుతుంది.

బానిసత్వం పోయిన రెండేళ్లకి, 1867 డిసెంబర్‌లో, లూసియానాలోని డెల్టాలో సారా బ్రీడ్‌లవ్ పుట్టింది. ఆ ఇంట్లో స్వేచ్ఛగా పుట్టిన మొదటి బిడ్డ. ఏడేళ్లకి తల్లిదండ్రులు లేరు. పద్నాలుగేళ్లకి పెళ్లి. ఇరవయ్యేళ్లకి చంకలో కూతురితో విధవరాలు. సెయింట్ లూయిస్ చేరి బట్టలుతికింది. కూలి రోజుకి డాలరుకి కాస్త పైన. ఇంట్లో నీటి కొళాయి లేదు, తలస్నానం ఎప్పుడో ఒకసారి, రుద్దుకునేది ఘాటైన కారపు సబ్బు. మాడు మీద పుళ్లు లేచి జుట్టు రాలిపోయేది. ఇది ఆమె ఒక్కదాని జబ్బు కాదు. నీళ్లు లేని ఇళ్లలో బతికే ఆడవాళ్లందరి జబ్బు. మన వాడలకి కుళాయి ఎప్పుడొచ్చిందో, బావి దగ్గర ఎవరు ఎంతసేపు నిలబడ్డారో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.

అదే ఊళ్లో ఆనీ టర్న్‌బో మలోన్ అనే నల్ల స్త్రీ ‘పోరో’ పేరుతో జుట్టు మందులు అమ్మేది. సారా మొదట ఆమె దగ్గర ఏజెంటు. 1905లో డెన్వర్ వెళ్లి, మరుసటేడు చార్లెస్ వాకర్‌ని పెళ్లాడి, ‘మేడమ్ సి.జె. వాకర్’ పేరుతో సొంత మందు మొదలుపెట్టింది. మాడు శుభ్రం చేసుకోవడం, గంధకం కలిసిన లేపనం రాసుకోవడం, ఆ తర్వాత వేడి దువ్వెన. ఈ దువ్వెనని ఆమే కనిపెట్టిందని చాలాచోట్ల రాస్తారు. అది తప్పు. ఇనప చువ్వలు కాల్చి జుట్టు దిద్దడం పందొమ్మిదో శతాబ్దంలోనే ఫ్రాన్స్‌లో ఉంది. 1870లలో మార్సెల్ గ్రాటో అనే పారిస్ క్షురకుడు కాల్చిన పట్టకారుతో తెల్లదొరసానుల సాఫీ జుట్టుకి అలలు తెప్పించి పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

ఇక్కడ కాస్త ఆగండి. సాఫీ జుట్టు వాళ్లు ఇనుము కాల్చి వంకీలు తెప్పించుకున్నారు. అది ఫ్యాషన్. వంకీల జుట్టు వాళ్లు అదే ఇనుము కాల్చి సాఫీ చేసుకున్నారు. అది ఉద్యోగం కోసం, వీధిలో మర్యాద కోసం. ఒకే పనిముట్టు, ఒకే వేడి. ఒకరికి సరదా, ఇంకొకరికి గత్యంతరం.

వాకర్‌ని ‘జుట్టు సాఫీ చేసే మనిషి’ అంటే ఆమెకి నచ్చేది కాదు. తన పని జుట్టు ఆరోగ్యమని చెప్పేది. అయినా విమర్శ తప్పలేదు. ఇది తెల్లవాళ్లని అనుకరించడమేనని నల్లజాతి నాయకుల్లోనే చాలామంది అన్నారు. బుకర్ టి. వాషింగ్టన్ 1912లో తన వ్యాపారుల సభలో ఆమెకి మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. ఆమె లేచి నిలబడి అడిగి మరీ మాట్లాడింది. పత్తిచేలలోంచి, ఉతుకు తొట్టి దగ్గరినుంచి వచ్చి సొంత స్థలంలో సొంత ఫ్యాక్టరీ కట్టానని చెప్పింది. మరుసటేడు ఆయనే వేదిక మీదకి పిలిచాడు.

ఆమె దగ్గర శిక్షణ పొందిన వేలమంది నల్ల స్త్రీలు తెల్లవాళ్ల వంటింటి పని మానేసి ఇంటింటికీ తిరిగి తమ సంపాదన తాము చూసుకున్నారు. 1917లో ఫిలడెల్ఫియాలో ఆ ఏజెంట్ల మహాసభ జరిగింది. ఆ సభ జుట్టు గురించి మాత్రమే మాట్లాడి ఊరుకోలేదు. నల్లవాళ్లని గుంపుగా కొట్టి చంపే లించింగ్‌లని ఆపమని ప్రెసిడెంట్ విల్సన్‌కి టెలిగ్రాం పంపింది. చనిపోయే ముందు, 1919లో, లించింగ్ వ్యతిరేక ఉద్యమానికి వాకర్ 5,000 డాలర్లు ప్రకటించింది. జుట్టు మందు డబ్బు ప్రాణాలు కాపాడే ఉద్యమానికి వెళ్లింది. ‘బ్యూటీ పార్లర్ గోల’ అనేవాళ్ల కోసం ఈ పేరా.

పొయ్యి మీద దువ్వెన

ఇక ఇళ్లలో. శనివారం సాయంత్రం వంటగది. పొయ్యి మీద ఇత్తడి దువ్వెన కాలుతుంటుంది. తల్లి కూతుర్ని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టి, జుట్టుకి కొవ్వు రాసి, వేర్ల నుంచి కొసలదాకా లాగుతుంది. కదిలితే చెవి కాలుతుంది. మెడ వెనకాల పొట్టిగా, గట్టిగా చుట్టుకునే వెంట్రుకలకు నల్లవాళ్ల వాడుకలో పేరే ‘కిచెన్’. బెల్ హుక్స్ 1988లో ఒక వ్యాసంలో ఈ వంటగదిని గుర్తుచేసుకున్నారు. అది ఆడవాళ్లు కబుర్లు చెప్పుకునే, ఒకరి తల ఒకరు పట్టుకునే చోటు కూడా అన్నారు. అదే వ్యాసంలో, ఆ ఆప్యాయత వెనక తెల్లవాళ్ల అందం పెత్తనం ఉందనీ అన్నారు. రెండూ నిజమే. మా అమ్మ అరుగుమీద కూర్చుని నా చిక్కు తీసిన సాయంత్రాలు నాకు ఇష్టం. ‘నీ తల ఇట్లుంటే మనల్ని ఏమనుకుంటారే’ అని ఆమె గొణగడం నాకు కష్టం. ఆ భయాన్ని ఆమెకి ఎవరో ఇచ్చారు.

మగవాళ్లు తప్పించుకోలేదు. మాల్కం ఎక్స్ తన ఆత్మకథలో కాస్టిక్ సోడాలాంటి లై, గుడ్లు, ఆలుగడ్డలు కలిపిన ముద్దని నెత్తికి రాయించుకున్న రోజుని వర్ణించాడు. మాడు మండిపోతుంటే పళ్లు బిగబట్టుకుని, చివరికి అద్దంలో సాఫీ జుట్టు చూసుకుని మురిసిపోయాడు. తనను తాను కించపరచుకునే దారిలో అదే తన మొదటి పెద్ద అడుగని తర్వాత రాసుకున్నాడు.

డ్రయ్యర్ పక్షం మారింది

హెయిర్ డ్రయ్యర్ పుట్టింది కూడా ఫ్రాన్స్‌లోనే, పందొమ్మిదో శతాబ్దం చివర్లో. అలెగ్జాండర్ గోద్‌ఫ్రోయ్ అనే ఆయన సెలూన్‌లో కుర్చీలో కూర్చోబెట్టి, గొట్టంతో వేడిగాలి తలమీదకి పంపేవాడు. చేతిలో పట్టుకునేవి 1920లలో ఇళ్లకి వచ్చాయి. బరువెక్కువ, గాలి తక్కువ.

ఈ యంత్రం చేసిన చిత్రమైన పని 1960లు, 70లలో కనిపిస్తుంది. 1962లో హార్లెంలో క్వామే బ్రాత్‌వెయిట్, ఆయన మిత్రులు ‘నేచురల్లీ’ పేరుతో ఒక ప్రదర్శన పెట్టారు. నల్ల ఒళ్లు, సాఫీ చేయని జుట్టు, నల్లనిదే అందమనే మాట. 1966లో ఓక్లాండ్‌లో బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టింది. ఆఫ్రో జుట్టు ఉద్యమం గుర్తయింది. అప్పుడు డ్రయ్యర్‌కి దువ్వెన తగిలించారు. ‘బ్లో-అవుట్’ అని పేరు. వేడిగాలితో రింగుల్ని సాగదీసి, జుట్టుని చుట్టూ గుండ్రంగా, ఇంకా పెద్దగా నిలబెట్టేవాళ్లు. నిన్నటిదాకా జుట్టుని అణిచిన వేడి ఇప్పుడు దాన్ని లేపి నిలబెట్టింది. పనిముట్టుకి సిద్ధాంతం ఉండదు. పట్టుకున్న చేతికి ఉంటుంది.

1970లో ఎఫ్‌బీఐ ఏంజెలా డేవిస్ బొమ్మ పోస్టర్ల మీద వేసింది. ఆఫ్రో జుట్టున్న నల్ల ఆడవాళ్లని దేశమంతా ఆపి సోదా చేశారు. జుట్టే నేరానికి గుర్తయింది. ఆమె నిర్దోషిగా 1972లో బయటికొచ్చారు. రెండు దశాబ్దాల తర్వాత ఒక వ్యాసంలో, తన పోరాటం మర్చిపోయి జనం తనను ఒక హెయిర్ స్టైల్‌గా గుర్తుపెట్టుకున్నారని బాధపడ్డారు. టీషర్టు మీద బొమ్మ వేసుకునే తమ్ముళ్లు ఆ వ్యాసం చదవాలి.

పిడికిలి పిడి ఉన్న ఆఫ్రో దువ్వెన అమెరికాలో 1972లో వచ్చింది. బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే దళిత్ పాంథర్ స్థాపించింది కూడా 1972లోనే. ఆ పేరు ఎక్కడినుంచి తీసుకున్నారో మీకు తెలుసు.

కోర్టు జుట్టు దగ్గర ఆగింది

1981లో రెనీ రోజర్స్ అనే నల్ల ఉద్యోగిని అమెరికన్ ఎయిర్‌లైన్స్ మీద కేసు వేసింది. సన్నజడలు అల్లుకుని డ్యూటీకి రాకూడదని కంపెనీ అంది. కోర్టు కంపెనీ వైపే నిలబడింది. పుట్టుకతో వచ్చిన జుట్టు తీరు వేరు, అల్లుకున్న జడ మార్చుకోగలిగినది కాబట్టి దానికి రక్షణ లేదంది. పైగా ఒక తెల్ల సినిమాతార ఈమధ్యే ఆ జడలు వేసుకుందన్న మాట కూడా తీర్పులోకి వచ్చింది. వేల ఏళ్ల విద్య ఒక్క సినిమాతో తెల్లవాళ్ల ఫ్యాషన్ అయిపోయింది. 2016లో అలబామా కేసులో, డ్రెడ్‌లాక్స్ తీసేయనన్నందుకు ఉద్యోగం పోగొట్టుకున్న అమ్మాయికీ అప్పీలు కోర్టు ఇదే తర్కం చెప్పింది. చివరికి 2019లో కాలిఫోర్నియా ‘క్రౌన్’ చట్టం చేసింది. జుట్టు తీరుని బట్టి బడిలో, ఉద్యోగంలో వివక్ష చూపితే అది జాతి వివక్షే. తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారిలో వెళ్లాయి. దేశమంతటికీ వర్తించే బిల్లు 2022లో దిగువసభ దాటింది కానీ సెనేట్ దాటలేదు.

మన దగ్గర జుట్టు మీద జరిగిన హింస ఇంకో రకం. 1996 డిసెంబర్ చివర్లో తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళిత యువకులను కట్టేసి కొట్టి, ఇద్దరికి గుండు గీశారు, కనుబొమలు కూడా. శిరోముండనం కేసు అని మనందరికీ తెలిసిందే. తీర్పు 2024 ఏప్రిల్‌లో వచ్చింది. 27 ఏళ్లు. శిక్ష 18 నెలలు. 2020లో అదే జిల్లాలో ఒక దళిత యువకుడికి పోలీస్ స్టేషన్‌లోనే గుండు కొట్టారు. బలవంతంగా గుండు గీయడం, మీసాలు తీయడం అట్రాసిటీ అని 2015 సవరణలో స్పష్టంగా రాయాల్సి వచ్చిందంటే, ఈ దేశంలో వెంట్రుకకి ఎంత రాజకీయం ఉందో ఆలోచించండి.

తలనీలాల ప్రయాణం

ఈ రెండు చరిత్రలని కలిపే ఒక దారం మన ఊళ్లలోంచే వెళ్తుంది. 1966లో అమెరికా చైనా జుట్టు దిగుమతిని నిషేధించింది. కమ్యూనిస్టు జుట్టు అట! అప్పటినుంచి భారతదేశపు జుట్టుకి గిరాకీ పెరిగింది. తిరుమల కల్యాణకట్టలో భక్తులిచ్చిన తలనీలాలను పొడవుని బట్టి వేరు చేసి, ఈ-వేలంలో కోట్ల రూపాయలకి అమ్ముతారు. అవి సవరాలుగా, విగ్గులుగా మారి ఓడలెక్కుతాయి. ‘ఇండియన్ హెయిర్’ పేరుతో వాటిని కొనేవాళ్లలో అమెరికా నల్ల స్త్రీలు చాలామంది. క్రిస్ రాక్ 2009లో తీసిన ‘గుడ్ హెయిర్’ డాక్యుమెంటరీ కెమెరాని ఇక్కడిదాకా తెచ్చింది.

మొక్కు తీర్చుకున్న మన తల్లికి ఆ డబ్బులో పైసా లేదు. మన ఊళ్లో చిక్కు వెంట్రుకలు ఇస్తే పిన్నీసులో, స్టీలు గిన్నో ఇచ్చేవాళ్లు. ఇక్కడ కూలితల్లి తలమీద ‘తుప్ప’ అనిపించుకున్న జుట్టు సముద్రం దాటగానే సరుకవుతుంది. అక్కడ ఇంకో కూలితల్లి మనవరాలు తన జుట్టు దాచుకోవడానికి దాన్ని నెలజీతం పెట్టి కొంటుంది. ఇద్దరికీ ‘నీది మంచి జుట్టు కాదు’ అని చెప్పినవాళ్లు మాత్రం ఎక్కడా ఏమీ చెల్లించరు.

ఇక కొసలు

చెల్లెలా, నీ మొదటి ప్రశ్న. వెంట్రుక నెలకి ఒక సెంటీమీటరు, కాస్త పైన పెరుగుతుంది. నీ జుట్టు 50 సెంటీమీటర్లుంటే దాని కొస వయసు దాదాపు నాలుగేళ్లు. నాలుగేళ్ల ఎండ, దువ్వెన, నీళ్లు అన్నీ చూసిన భాగం అది. పైగా మాడులోంచి వచ్చే జిడ్డు సాఫీ వెంట్రుక మీద జారినట్టు మెలికల మీద జారదు. అందుకే రింగుల జుట్టు కొసలు ముందే ఎండిపోయి ఉంటాయి.

వెంట్రుకంటే కెరటిన్. దాని ఆకారాన్ని పట్టి ఉంచే బంధాల్లో కొన్ని నీళ్లు తగలగానే విడిపోతాయి, ఆరగానే మళ్లీ కట్టుకుంటాయి. సాగదీసి పట్టుకుని ఆరబెడితే సాగినట్టే నిలుస్తుంది. మళ్లీ తడిస్తే రింగులు తిరిగొస్తాయి. డ్రయ్యర్ చేసేది ఇంతే. రసాయనాలు దీనికంటే గట్టి బంధాలని తెంపుతాయి, అవి తిరిగిరావు.

తలస్నానానికి ముందు కొబ్బరినూనె పట్టించు. అది వెంట్రుక లోపలికి ఇంకి ప్రొటీన్ పోకుండా చూస్తుందని మన దేశంలోని పరిశోధకులే 2003లో చూపించారు. అమ్మమ్మలు చెప్పింది నిజమే. కండిషనర్ కొసలకే ఎక్కువ పెట్టు. చిక్కు కింది నుంచి పైకి తియ్యి, వేళ్లతో గానీ వెడల్పు పళ్ల దువ్వెనతో గానీ. తువ్వాలుతో రుద్దకు, పాత కాటన్ బట్టతో అద్దు.

కారే తడిమీద డ్రయ్యర్ వద్దు. ఎక్కువ వేడి తగిలితే వెంట్రుక లోపలి నీళ్లు ఆవిరై బుడగలు కడతాయి, అక్కడే విరుగుతుంది. సగానికి పైగా గాలికి ఆరాక, వేడిని తట్టుకునే సీరం రాసి, నాలుగైదు పాయలు చెయ్యి. డ్రయ్యర్‌ని మధ్యస్థ వేడిలో పెట్టి, ఒకేచోట ఆపకుండా కదుపుతూ, వేర్ల నుంచి కిందికి గాలి పట్టు. కొసని పిడికిట్లో పట్టుకుని లాగిపెట్టు. సాగుతుంది, వేడినుంచి దాగుతుంది కూడా. కొసలకి చివర్లో కొద్దిసేపే గాలి, అదీ చల్లగాలి. రింగులు ఉంచుకోవాలంటే గిన్నెలాంటి డిఫ్యూజర్ తగిలించి కింది నుంచి ఎత్తి పట్టుకో, లాగొద్దు.

దూరం ముఖ్యం. 2011లో కొరియా పరిశోధకులు కొలిచారు. డ్రయ్యర్ 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటే జుట్టు దగ్గర 47 డిగ్రీలు, 10 సెంటీమీటర్లలో 61, 5 సెంటీమీటర్లలో 95. పదిహేను సెంటీమీటర్ల దూరంలో కదుపుతూ ఆరబెట్టడం వల్ల పెద్ద నష్టం లేదని తేలింది. గంటలకొద్దీ తడిగా ఉంచడం వల్ల కూడా వెంట్రుక లోపల కొంత నష్టం ఉందని తేలింది. కాబట్టి డ్రయ్యర్‌ని చూసి భయపడక్కర్లేదు. రోజూ మాత్రం వద్దు, వారానికోసారి చాలు. చిట్లిన కొసని ఏ క్రీమూ అతికించదు, రెండుమూడు నెలలకోసారి కాస్త కత్తిరించు. నిప్పే వద్దనుకుంటే ఆ బానిస తల్లుల దారం ఉంది, మన రెండు జడలున్నాయి. తడి ఆరేదాకా గట్టిగా అల్లి ఉంచితే జుట్టు దానంతటదే సాగుతుంది.

రసాయనాల దగ్గర మాత్రం జాగ్రత్త. అమెరికాలో 33,497 మంది స్త్రీలను దాదాపు 11 ఏళ్లు గమనించిన అధ్యయనం 2022లో వచ్చింది. జుట్టు సాఫీ చేసే మందులు ఎప్పుడూ వాడనివాళ్లలో 70 ఏళ్లొచ్చేలోగా గర్భాశయ క్యాన్సర్ అంచనా 1.64 శాతం. తరచుగా వాడినవాళ్లలో 4.05 శాతం. మందే కారణమని ఇది రుజువు చేయలేదు, కానీ సంబంధం కనిపించింది. వాడినవాళ్లలో ఎక్కువమంది నల్ల స్త్రీలు. సెలూన్లలో ‘కెరటిన్’, ‘స్మూథనింగ్’ పేరుతో చేసే కొన్నిటిలో ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుందని అక్కడి కార్మిక భద్రతా సంస్థ 2011లోనే హెచ్చరించింది. ఆ ఆవిరిని నువ్వు ఒకరోజు పీలుస్తావు. ఆ పార్లర్‌లో పనిచేసే అమ్మాయి రోజూ పీలుస్తుంది. ఆమె ఎవరి బిడ్డో కూడా ఆలోచించాలి.

మిగిలింది ‘అందరూ’

నువ్వు ఇంటర్వ్యూకి సాఫీ జుట్టుతో వెళ్లినా నేను నిన్ను తక్కువ చేసి చూడను. ఆకలి ఉన్న ఇంటికి ఉద్యోగం ముందు. వాకర్ దగ్గర జుట్టు సాఫీ చేయించుకున్న చాకిరీ మనిషిని నిందించే హక్కు నాకు లేదు. రింగులతోనే వెళ్లినా, అది ఉద్యమం చేసినట్టే ఉండాలని ఎవరూ నిన్ను ఒత్తిడి చేయకూడదు. నీ తల నీది. సరదాకి సాగదీసుకో, సరదాకి వదిలెయ్యి. భయంతో మాత్రం కాల్చుకోకు.

ఉద్యమంలో ఉన్నవాళ్లకి మాత్రం ఒక పని ఉంది. మీ కాలేజీలో ఎవరైనా లెక్చరర్, వార్డెన్, ఇంటర్వ్యూ బోర్డు జుట్టు గురించి, రంగు గురించి, యాస గురించి మాట తూలితే తారీఖు వేసి రాసిపెట్టండి. ఈక్వల్ ఆపర్చునిటీ సెల్‌కి ఫిర్యాదు ఇవ్వండి. ‘జోకే కదా’ అంటారు. పెన్సిల్ దూర్చినవాళ్లకీ అది చిన్న పనే. రెనీ రోజర్స్ ఓడిపోయింది, 38 ఏళ్ల తర్వాత క్రౌన్ చట్టం వచ్చింది. ఓడిన కేసులు కూడా కాగితం మీద ఉంటేనే తర్వాతివాళ్లకి మెట్లవుతాయి.

మీ ఇళ్లలో జుట్టు గురించి విన్న మాటలు కింద రాయండి. తిట్లయినా సరే, అమ్మ చేతి నూనె అయినా సరే. వచ్చే భాగంలో మంగలి కత్తి గురించి: మన తల ముట్టుకోనన్న కత్తి, ఆ కత్తి పట్టిన చేతి బతుకు, రెండూ.

జై భీమ్.